తోట దారిలో ఉండాలి

బ్రిస్బేన్‌లో చూడదగ్గ తోట ఏదని అడిగితే మౌంట్ కూట్‌థాకు వెళ్ళమనేవారే ఎక్కువ. నగర కేంద్రానికి సుమారు 7 కిలోమీటర్ల దూరాన, కొండ పాదాన, 56 హెక్టార్లలో, 1976లో తెరిచిన ఆ ఉద్యానంలో గోపురం కింద పెంచే ఉష్ణమండల మొక్కలున్నాయి, 1988 నాటి ప్రపంచ ప్రదర్శన నుంచి తరలించి పెట్టిన జపాను తోట ఉంది, ఆస్ట్రేలియా అడవిజాతుల చెట్లకు కేటాయించిన పెద్ద భాగం ఉంది. మొక్కల శాస్త్రం మీద ఆసక్తి ఉన్నవారికి ఆ ఊళ్ళో అంతకంటే మంచి చోటు లేదన్న మాటను నేనూ ఒప్పుకుంటాను. అయినా నగరానికి తోట ఎందుకన్న ప్రశ్నకు సరైన జవాబు నాకు అక్కడ కాక రోమా స్ట్రీట్ పార్క్‌ల్యాండ్‌లో దొరికింది. రైలు స్టేషనును ఆనుకుని, కోర్టులకూ పోలీసు ప్రధాన కార్యాలయానికీ కూతవేటు దూరంలో, పనిమీద నడిచిపోయేవారి దారికి అడ్డంగా పరుచుకున్న 16 హెక్టార్ల తోట అది. ప్రవేశ రుసుము లేదు. ఇది నా అభిరుచికి సంబంధించిన మాట మాత్రమే అయితే ఇంత పొడుగు వ్యాసం అనవసరం. నగర నడిబొడ్డున ఉన్న తోట చేసే పనిని ఊరి చివరి తోట ఎంత గొప్పదైనా చేయలేదని నా వాదన.

ముందుగా ఆ నేల సంగతి. రోమా స్ట్రీట్ అంటే ఇటలీ రాజధాని గుర్తుకు రావచ్చు గానీ, బ్రిస్బేన్ రాజధానిగా ఉన్న క్వీన్స్‌లాండ్ రాష్ట్రపు తొలి గవర్నరు జార్జ్ బోవెన్ భార్య డయామంటీనా పుట్టింటి పేరు రోమా. 1875లో ఇప్స్‌విచ్ వైపు నుంచి రైలు మార్గం బ్రిస్బేన్ దాకా వచ్చినప్పుడు చివరి స్టేషను ఇక్కడే కట్టారు. ఆ పాత ఇటుక భవనం నేటికీ నిలిచి ఉంది. తరువాత శతాబ్దానికి పైగా ఈ నేలంతా గూడ్సు యార్డు. పండ్లూ కూరగాయలూ నగరానికి పంచిన టోకు మార్కెట్టు కూడా 1964లో శివారులోని రాక్లీకి తరలిపోయే వరకు ఈ వీధిలోనే ఉండేది. సరుకు రవాణా నగరం వెలుపలికి మళ్ళాక, పట్టాలూ నూనె మరకలూ మిగిలిన పెద్ద స్థలం నగరం నడుమ ఖాళీ అయింది. అటువంటి నేల చేతికి వస్తే ఏ ప్రభుత్వానికైనా ముందుగా తట్టేది అమ్మకమే. ఇక్కడ కొంత అలాగే జరిగిందని కూడా చెప్పాలి: తోట అంచున లేచిన అపార్ట్‌మెంట్ల కిటికీలకు ఈ పచ్చదనమంతా పెరటి తోట అయింది. కానీ మధ్యభాగాన్ని 2001లో అందరి తోటగా తెరిచారు.

ఇందుకు ఆ నగరంలోనే ఒక పూర్వానుభవం ఉంది. 1988 ప్రపంచ ప్రదర్శన ముగిశాక, నదికి దక్షిణపు ఒడ్డున ఖాళీ అయిన స్థలాన్ని వాణిజ్య నిర్మాణాలకు ఇవ్వాలని ప్రభుత్వం అనుకుంటే, ప్రజలు పట్టుబట్టి దాన్ని తోటగా మార్పించుకున్నారు. అది 1992లో తెరిచిన సౌత్ బ్యాంక్. అక్కడ దాదాపు కిలోమీటరు పొడవున వంపులు తిరిగిన ఇనుప పందిరి మీదికి కాగితపు పూల తీగలు పాకించారు. రోమా స్ట్రీట్ తోట వెనుక నాకు కనిపించేది ఆ పట్టుదలే. ఖరీదైన నేలను తోటకు ఇవ్వడం వృథా కాదని ఒకసారి కళ్ళారా చూసిన నగరానికి రెండోసారి ఒప్పుకోవడం తేలికవుతుంది.

అయితే అంతకంటే పాత తోట ఒకటి నగర కేంద్రంలో ముందునుంచీ ఉంది. దాని చరిత్ర నా వాదనకు గట్టి సాక్ష్యం కనుక కొంచెం వివరంగా చెబుతాను. బ్రిస్బేన్ ఖైదీల స్థావరంగా ఉన్న రోజుల్లో, 1828లో, న్యూ సౌత్ వేల్స్ ప్రభుత్వ వృక్షశాస్త్రవేత్త చార్లెస్ ఫ్రేజర్ నది వంపులో ఒక చోటు ఎంచి చూపాడు. ఖైదీలు అక్కడ స్థావరానికి తిండి పండించారు. 1855లో ఆ నేలలో కొంత భాగాన్ని వృక్షశాస్త్ర ఉద్యానంగా ప్రకటించి, వాల్టర్ హిల్‌ను అధికారిగా నియమించారు. ఆయన 1881 దాకా ఆ పనిలో ఉన్నాడు. ఆయన దృష్టిలో తోట విహారస్థలం కాదు, ప్రయోగశాల: కొత్త వలస రాష్ట్రంలో ఏ పంట పండుతుందో, ఏ చెట్టు కలపకు పనికొస్తుందో తేల్చే చోటు. 1862లో జాన్ బ్యూహో అనే వ్యక్తి అక్కడి చెరకు నుంచి పంచదార తీసి చూపించాడు. క్వీన్స్‌లాండ్ చెరకు పరిశ్రమ కథ ఆ తోటతోనే మొదలవుతుంది. 1858లో హిల్ నాటిన మెకడేమియా అనే గింజల చెట్టు మనిషి సాగుచేసిన వాటిలో మొదటిదని, నేటికీ కాస్తోందని చెబుతారు. 1864లో నాటిన జకరాండా ఆస్ట్రేలియాలో పెరిగిన మొట్టమొదటి జకరాండాగా పేరుపొందింది. దాని నీలిపూల నీడలో టీ తాగుతున్న జంటను గాడ్‌ఫ్రీ రివర్స్ 1903లో చిత్రించాడు. ఆ చెట్టు తరువాత గాలివానకు కూలిపోయింది గానీ, చిత్రం క్వీన్స్‌లాండ్ ఆర్ట్ గ్యాలరీలో ఉంది. నది ఒడ్డున బున్యా చెట్ల వరుస కూడా హిల్ కాలం నాటిదే. ఒక్కొక్క కాయ 10 కిలోల దాకా తూగే ఆ చెట్ల కింద కాయలు రాలే కాలంలో ఎవరూ నిలబడకూడదు.

నది వంపులో ఉన్న తోటకు నదే శత్రువు. 1893 వరదలు, 1974 జనవరిలో 5.45 మీటర్లకు లేచిన వరద, 2011లో 4.46 మీటర్ల వరద, మళ్ళీ 2022. ప్రతిసారీ పల్లపు భాగం బురదలో మునిగింది. అరుదైన మొక్కల సేకరణను అలాంటి చోట ఉంచడం తెలివైన పని కాదని, పైగా విస్తరించడానికి చోటు లేదని, 1970ల్లో కొండ దగ్గర కొత్త ఉద్యానం నిర్మించారు. శాస్త్రం కొండ దగ్గరికి వెళ్ళిపోయింది. వాల్టర్ హిల్ లెక్క ప్రకారమైతే నది ఒడ్డు తోటకు ఆనాటితో పని తీరిపోయినట్టే. కానీ జనం కదలలేదు. ఒక వైపు పార్లమెంటు భవనం, మరొక వైపు విశ్వవిద్యాలయం ఉన్న ఆ తోటలో మర్రి ఊడల కింద కూర్చునేవారు కూర్చుంటూనే ఉన్నారు. బురద కడిగిన ప్రతిసారీ తిరిగి వస్తూనే ఉన్నారు. ప్రయోగాలు, సేకరణలు తీసివేసినా మిగిలిన ఈ వాడకమే నగర కేంద్రపు తోటకు అసలు ప్రయోజనమని నేను అంటాను. రోమా స్ట్రీట్ తోట పుట్టుకనుంచే ఆ ప్రయోజనం కోసం వేసిన తోట. అక్కడ ఎవరూ చెరకు పండించలేదు.

ఆ ప్రయోజనం ఏమిటో పనిదినం మధ్యాహ్నం వెళ్తే తెలుస్తుంది. నేను వెళ్ళిన వేళ, స్టేషను వైపు నుంచి పైకి వచ్చే మెట్ల మీద మెడలో ఆఫీసు కార్డులతో నలుగురైదుగురు డబ్బాల్లో భోజనం పట్టుకుని వస్తున్నారు. చెరువు పక్కన గట్టు మీద ఒకామె బూట్లు విప్పి పక్కన పెట్టి ఫోనులో ఎవరితోనో గట్టిగా వాదిస్తోంది. కోర్టు పనిమీద వచ్చినట్టున్న కుటుంబం ఒకటి కాగితాల కవరును మధ్యలో పెట్టుకుని మాట్లాడకుండా కూర్చుంది. వీళ్ళలో తోట చూడటానికి వచ్చినవారు ఒక్కరూ లేరు. మౌంట్ కూట్‌థాలో కనిపించేవారందరూ తోట చూడటానికి వచ్చినవారే. ఆ ఉదయాన్ని అందుకోసం పక్కన పెట్టుకుని, నీళ్ళ సీసా, టోపీ సర్దుకుని వచ్చినవారు. తోటకు వెళ్ళాలని అనుకోగలగడానికే కొంత తీరిక, కొంత అలవాటు, సాధారణంగా ఒక కారు కావాలి. అవేవీ లేనివారికి తోట అందాలంటే అది వారు ఎలాగూ నడిచే దారిలోనే ఉండాలి.

మనవాళ్ళ సంగతి ఒకటి ఇక్కడ ప్రస్తావించకుండా ఉండలేను. పిల్లల దగ్గరికి, మనవల్ని చూసుకోవడానికి, కొన్ని నెలల కోసం వచ్చే తల్లిదండ్రులు విదేశీ నగరాల శివారు ఇళ్ళలో ఎలా రోజులు గడుపుతారో తెలిసినవారికి తెలుసు. కొడుకో కోడలో శనివారం కారులో తీసుకువెళ్తే తప్ప వీధి చివర దాటని మనుషులు వాళ్ళు. ఉద్యోగకాలమంతా ఎవరి మీదా ఆధారపడకుండా బతికినవారికి అది చిన్న అవమానమేమీ కాదు. బ్రిస్బేన్ శివారు రైళ్ళు దాదాపు అన్నీ రోమా స్ట్రీట్‌లో ఆగుతాయి. 2024 ఆగస్టు నుంచి ఎంత దూరమైనా ఒక ప్రయాణానికి 50 సెంట్లే. దారి ఒకసారి చూపిస్తే చాలు, మంగళవారం పది గంటలకు ఒంటరిగా బయలుదేరి, బెంచీ మీద కూర్చుని, పిల్లలు బడి నుంచి వచ్చే వేళకు ఇంటికి చేరుకోవచ్చు. అక్కడ బెంచీ మీద కలిసిన తెలుగు పెద్దాయన ఒకరు నాతో, "ఇక్కడికి రావడానికి మా వాణ్ణి అడగక్కర్లేదండీ" అన్నారు. ఆయనకు ఏ మొక్క పేరూ తెలియదు, తెలుసుకోవాలన్న కోరికా కనిపించలేదు.

తోటగా అది బాగుందా అన్న ప్రశ్నను దాటేయడం న్యాయం కాదు. దారిలో ఉన్నంత మాత్రాన ప్రతి గడ్డి చదరం తోట అయిపోదు. బ్రిస్బేన్ మకరరేఖకు దక్షిణాన, 27 డిగ్రీల అక్షాంశం దాటాక ఉంది. జులైలో కనిష్ఠ ఉష్ణోగ్రత 10 డిగ్రీల దగ్గర, జనవరిలో గరిష్ఠం 30 దగ్గర ఉంటుంది; వానలు ఎక్కువగా వేసవిలో పడతాయి, చలికాలం పొడిగా, ఎండగా సాగుతుంది; నగరం నడుమ మంచు గడ్డకట్టే చలి ఉండదు. ఈ వాతావరణంలో తోటమాలి కష్టం చలిదేశపు తోటమాలి కష్టానికి తలకిందులు. అక్కడ మొక్కను బతికించడానికి పాటుపడాలి. ఇక్కడ ఆపడానికి పాటుపడాలి. ఏడాదిలో ఏ నెలలోనూ తోట పూర్తిగా నిద్రపోదు కనుక కత్తెరకు సెలవు లేదు. ఒక్క నెల వదిలేస్తే తీగలు దారిని మింగేస్తాయి.

మరొక తేడా ఆకులది. వేసవి ఎండ నెత్తిన పడే చోట పూల రంగులు మధ్యాహ్నానికి వెలిసిపోయినట్టు కనిపిస్తాయి. నీడలో ఉన్న ఆకుల రంగు మాత్రం నిలుస్తుంది. అందుకే ఉపోష్ణ మండలపు తోటను మొదట నీడతో, తరువాత ఆకులతో, చివరగా పూలతో వేయాలి. వలస వచ్చిన బ్రిటిషువారికి ఇది ఒంటబట్టడానికి చాలాకాలం పట్టినట్టుంది. ఆ నగరంలో నేటికీ చాలా పార్కులు ఎండకు ఎండుతున్న విశాలమైన పచ్చికలే. రోమా స్ట్రీట్ తోటలో పల్లపు భాగాన వర్షారణ్యపు చెట్ల మధ్య చెక్కదారి, ఫెర్న్ మొక్కల లోయ ఈ సూత్రాన్ని చక్కగా పాటిస్తాయి. బయట వీధిలో కళ్ళు చిట్లించుకుని నడిచినవాడు అక్కడ అడుగుపెట్టగానే నడక నెమ్మదిస్తుంది. పైభాగంలో ఉన్న స్పెక్టకిల్ గార్డెన్ దారి వేరు. అక్కడ క్రోటన్లు, కార్డిలైన్లు, బ్రొమీలియాడ్లు చిక్కని ముదురు రంగుల్లో వెనక నిలబడితే, ముందు మడుల్లో ఋతువుకో రకం పూలు మారుస్తూ ఉంటారు. ఆ మడుల్లో ఒకదాన్నిండా సీతమ్మ జడబంతి కనిపించినప్పుడు నాకు కలిగిన సంతోషం కొంచెం పక్షపాతంతో కూడినదే.

ఆ పూలమడుల మీదే విమర్శ ఎక్కువ. కొన్ని వారాల అందం కోసం నారు పోసి, నాటి, వాడగానే పీకి పారేయడం దుబారా అని, 2007లో కరువు వల్ల మనిషికి రోజుకు 140 లీటర్ల నీటితో సరిపెట్టుకోవలసి వచ్చిన నగరానికి ఇది తగదని అనేవారున్నారు. నీటి విషయంలో ఆ మాటకు బలముంది. కరువు రోజుల్లో పూలమడులు ఎండిపోవలసిందే, అందులో నాకు రెండో మాట లేదు. కానీ ఖర్చు విషయంలో ఒప్పుకోను. ఆ డబ్బులో అధికభాగం మొక్కలకు పోదు, మనుషుల పనికి పోతుంది. మోకాళ్ళ మీద వంగి చేసే నైపుణ్యమున్న పనికి. ధనికుల ఇళ్ళ ప్రహరీల వెనుక అటువంటి పనితనం ఎప్పుడూ ఉంది, దాన్ని ఎవరూ దుబారా అనరు. అదే పనితనం టిక్కెట్టు లేని చోట, ఆఫీసు ఊడ్చేవారూ చూడగలిగే చోట పెట్టేసరికి లెక్కలు అడుగుతారు.

రెండో అభ్యంతరం కృత్రిమత్వం గురించి. గూడ్సు యార్డు మీద మట్టి పోసి, చెరువు తవ్వి, వర్షారణ్యం నాటి, దాన్ని ప్రకృతి అనడం ఏమిటి, నిజమైన అడవి చూడాలంటే గంట ప్రయాణం చేస్తే దొరుకుతుంది కదా అని. ప్రకృతి అని నేను అనడం లేదు, తోట అంటున్నాను. ఆ తోటలో ఉన్నవాటిలో ఎన్నో ఎక్కడెక్కడి నుంచో వచ్చినవి. నగరమంతటా నవంబరు, డిసెంబరు నెలల్లో ఎర్రగా విరగబూసే తురాయి మడగాస్కర్‌ది, జకరాండా దక్షిణ అమెరికాది, కాగితపు పూలు కూడా అక్కడివే. మన దగ్గర మే ఎండల్లో చూసే తురాయి పూలను క్రిస్మస్ సెలవుల్లో చూడటం మొదట వింతగా ఉంటుంది. తోటకోసం తెచ్చిన మొక్కలు గీత దాటిన సందర్భాలూ లేకపోలేదు: పంతొమ్మిదో శతాబ్దంలో అలంకారానికి తెచ్చిన లంటానా ఆ దేశపు తూర్పుతీరం అడవుల్ని ఇప్పటికీ పీడిస్తోంది. కనుక ఏది నాటుతున్నామన్న జాగ్రత్త అవసరమే. కానీ మనిషి చేసిన చోటులో బతుకు ఉండదనుకోవడం పొరపాటు.

ఈ తోటలోని నీటి తొండలే ఇందుకు సాక్ష్యం. మూరెడు పొడవుండి, మెడ మీద ముళ్ళ వరుసతో, దారి మధ్యలో కూర్చుని మనిషి వచ్చినా కదలని ఈ ఈస్టర్న్ వాటర్ డ్రాగన్లను సన్‌షైన్ కోస్ట్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఏళ్ళ తరబడి గమనించారు. నగరంలోని వేర్వేరు పార్కుల్లో ఉన్న తొండలు రోడ్లూ భవనాల వల్ల ఒకదానితో ఒకటి కలవలేక, జన్యువుల్లోనూ శరీర ఆకృతిలోనూ వేరుపడుతున్నాయని 2017లో ప్రచురించిన అధ్యయనంలో తేల్చారు. సముద్రంలో దీవుల మీద జరుగుతుందని మనం చదువుకున్నది కాంక్రీటు మధ్య పార్కుల్లో, కొన్ని పదుల ఏళ్ళలో కనిపిస్తోంది. రోమా స్ట్రీట్ తోట వాటిలో ఒకటి. తోటల మధ్య దూరం, దారి ఎంత ముఖ్యమో తొండల విషయంలో శాస్త్రం చెబుతున్నప్పుడు, మనుషుల విషయంలో నేను చెప్పడానికి సంకోచించనవసరం లేదనుకుంటాను.

అందరి తోట అని నేను అంటున్న మాటకు అక్కడి చరిత్ర పూర్తిగా తోడురాదన్నది కూడా నిజం. ఆ నేల టర్‌బల్, జాగెరా ప్రజలది. తోటకు ఎగువన స్ప్రింగ్ హిల్‌లో నేటికీ బౌండరీ స్ట్రీట్ అనే వీధి ఉంది. పంతొమ్మిదో శతాబ్దంలో చీకటి పడ్డాక, ఆదివారాల్లో, ఆదివాసులను ఊరి హద్దుల అవతలికి తరిమేవారు. తమ నేల మీద కూర్చునే హక్కును పొద్దుపోగానే కోల్పోయినవారి సంగతి తెలిశాక, ఎవరైనా, ఏ వేళైనా, కారణం చెప్పకుండా కూర్చోగలిగే బెంచీ చిన్న విషయంగా కనిపించదు. అటువంటి బెంచీ నగరం నడుమ ఉండటమే ముఖ్యం, ఎందుకంటే తరిమింది నగరం నడుమ నుంచే.

ఇప్పుడు ఇదంతా రాయడానికి వెంటనే కారణమైనది విక్టోరియా పార్కు. రోమా స్ట్రీట్ తోటకు ఉత్తరాన, మరీ దూరం కాని చోట, ఆదివాసులు బారాంబిన్ అని పిలిచే ఆ నేలలో చాలాకాలం గోల్ఫ్ మైదానం ఉండేది. 2021లో గోల్ఫ్ ఆపి దాన్ని అందరి పార్కుగా మార్చే పని మొదలుపెట్టారు. 2032 ఒలింపిక్స్ కోసం 63,000 మంది పట్టే స్టేడియం అక్కడే కడతామని 2025 మార్చిలో రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది. చుట్టూ పచ్చదనం మిగులుతుందని, మొత్తం మీద పార్కుకు మేలే జరుగుతుందని సమర్థించేవారి వాదన. స్టేడియం అవసరాన్ని నేను కాదనడం లేదు. రైలు దిగి నడిచి వెళ్ళగలిగే చోట ఉండాలన్న వారి కోరిక, నేను తోట గురించి చెబుతున్నదే. కానీ ఆటలు లేని రోజులే ఏడాదిలో ఎక్కువ. మిగిలే హెక్టార్లు ఎన్నో చెప్పే పథకం, పని దినం మధ్యాహ్నం పక్కనే ఉన్న ఆసుపత్రి నుంచి అరగంట విరామంలో బయటికి వచ్చిన నర్సు ఏ ద్వారం గుండా, ఎంతసేపట్లో, ఏ చెట్టు నీడకు చేరగలదో కూడా చెప్పాలి. పోయిన నేలకు బదులుగా ఊరి చివర రెట్టింపు నేల ఇస్తామన్నా ఆ లెక్క సరిపోదు.